సద్మాకు మందు ఎక్కడ? గాజా డాక్టర్ ఇయాద్ సర్రాజ్ చూపిన దారి

మన ఇళ్లల్లో ‘సద్మా’ అనే మాట కొత్తది కాదు. ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా చనిపోయాక ఒకరు మాట తగ్గించేస్తారు, తిండి మానేస్తారు, రాత్రిళ్లు నిద్రపోరు. పెద్దవాళ్లు చూసి “బిచారీకు సద్మా లగ్‌గయా” అంటారు. అరబీలో కూడా ఇదే మాట. వైద్య పుస్తకాల్లో ట్రామా అని రాసేదాన్ని అరబ్ డాక్టర్లు సద్మా అనే రాస్తారు. తేడా అర్థంలో ఉంది. మన దగ్గర సద్మా అంటే రోజులు గడిస్తే పోయేది, సబర్ చేస్తే సరిపోయేది. డాక్టర్ల లెక్కలో మాత్రం అది చాలామందిలో దానంతటదే తగ్గినా, కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోయే గాయం. ఆ గాయానికి వైద్యం ఉంది.

ఆ వైద్యం ఎలా చేస్తారు, చేసేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు అనేది తెలియాలంటే గాజాలో తొలి సైకియాట్రిస్టుగా పేరున్న డాక్టర్ ఇయాద్ అల్ సర్రాజ్ జీవితం చూడాలి. గాజా అనగానే మన ఫోన్లలోకి వచ్చేవి శిథిలాలు, జనాజాలు. శిథిలాల్లోంచి బతికి బయటపడ్డ పిల్లాడు ఆ తర్వాత ఎలా ఉంటాడు, రాత్రి ఎందుకు అరుస్తాడు, పదేళ్ల వయసులో పక్క ఎందుకు తడుపుతాడు అనే సంగతి వీడియోల్లో ఉండదు. డాక్టర్ సర్రాజ్ పని మొదలయ్యేది అక్కడే.

తనే ఒక శరణార్థి

ఆయన 1940ల మొదట్లో బీర్ సబా పట్టణంలో పుట్టారు. ఇప్పుడు దాన్ని బీర్‌షెబా అంటున్నారు. 1948లో లక్షలాది పాలస్తీనా ప్రజలు ఇళ్లు వదలాల్సి వచ్చినప్పుడు వాళ్ల కుటుంబం కూడా గాజాకు చేరింది. అప్పటికి ఆయన చిన్న పిల్లవాడు. తర్వాత ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో వైద్యం చదివారు, లండన్ వెళ్లి మానసిక వైద్యంలో శిక్షణ తీసుకున్నారు. అక్కడే స్థిరపడి ఉండొచ్చు. చాలామంది అదే చేశారు. ఆయన 1970లలో గాజాకు తిరిగొచ్చారు.

మానసిక డాక్టర్ దగ్గరికి వెళ్లడం అంటే అక్కడ కూడా మన దగ్గరలాగే. ‘పాగల్’ అనే ముద్ర పడుతుందని భయం. ముందు నజర్ అంటారు, జిన్ అంటారు, ఆ తర్వాత ఆమిల్ దగ్గరికి తీసుకెళ్తారు. అన్నీ అయ్యాక, రోగం ముదిరాక, ఎవరూ చూడకుండా డాక్టర్ దగ్గరికి. ఈ వరస చదువుతుంటే ఏ పాతబస్తీ గల్లీలోనో జరిగినట్టే ఉంటుంది.

1987 డిసెంబరులో మొదటి ఇంతిఫాదా మొదలైంది. రాళ్లు విసిరే కుర్రాళ్లు ఒకవైపు, ఇజ్రాయెల్ సైన్యం మరోవైపు. కర్ఫ్యూలు, అరెస్టులు, అర్ధరాత్రి ఇళ్ల సోదాలు. ఆస్పత్రిలో కుర్చీ వేసుకుని రోగి రావాలని ఎదురుచూసే పద్ధతి ఇక్కడ పనికిరాదని డాక్టర్ సర్రాజ్‌కు అర్థమైంది. 1990లో ‘గాజా కమ్యూనిటీ మెంటల్ హెల్త్ ప్రోగ్రామ్’ అనే సంస్థ పెట్టారు. పేరులోని ‘కమ్యూనిటీ’ అన్న మాటే దాని పద్ధతి. రోగి ఒక్కడికి కాదు, అతని ఇంటికి, అతని బడికి, అతని వాడకు వైద్యం.

నాన్న దెబ్బలు తింటుంటే చూసిన పిల్లాడు

ఆ రోజుల్లో ఆయన, ఆయన తోటి పరిశోధకులు గాజా పిల్లలను కలిసి ఏం చూశారు, దేనికి భయపడ్డారు అని అడిగేవారు. బాష్పవాయువు, సోదాలు, ఎముకలు విరగడం, చావులు. అన్నీ వచ్చాయి. కానీ సర్రాజ్ మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చిన విషయం మరొకటి. పిల్లాడి కళ్లెదుట వాళ్ల నాన్నను సైనికులు కొట్టడం.

ఇది ఎందుకు అంత పెద్ద గాయం? పిల్లాడికి లోకం మీద ఉండే నమ్మకమంతా ఇంట్లో ఉన్న పెద్దమనిషి మీద నిలబడి ఉంటుంది. అబ్బా ఉన్నాడు కాబట్టి నాకేం కాదు అనుకుంటాడు. ఆ అబ్బానే నేల మీద పడేసి తన్నుతుంటే, అతను చేతులు జోడిస్తుంటే, పిల్లాడిలో ఆ ధైర్యం కూలిపోతుంది. దెబ్బ తగిలింది తండ్రి ఒంటికి, విరిగింది పిల్లాడి లోపల. ఆ తర్వాత వాడు వేరే రక్షకుడి కోసం వెతుక్కుంటాడు. బలం ఎక్కడ కనిపిస్తే అటు పోతాడు. మొదటి ఇంతిఫాదాలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లలో కొందరు రెండో ఇంతిఫాదా నాటికి ఆత్మాహుతి దాడుల దాకా ఎందుకు వెళ్లారో ఆయన ఈ కోణంలోనే వివరించారు. ఆయన ఆ దాడులను సమర్థించలేదు, అహింస వైపే నిలబడ్డారు. అయినా కారణం చెప్పడాన్ని సమర్థించడంగా తీసుకునేవాళ్లు రెండువైపులా ఉంటారు కాబట్టి మాటలు పడ్డారు.

వీధుల్లో పిల్లల ఆట గురించి కూడా ఆయన చెప్పేవారు. మన పిల్లలు దొంగా పోలీస్ ఆడినట్టు గాజా పిల్లలు సైనికుడు, రాళ్ల కుర్రాడు ఆట ఆడేవారు. చాలామంది పిల్లలు సైనికుడి వేషమే కావాలనేవారట. తుపాకి ఉన్నది వాడి దగ్గరే కదా. భయపెట్టినవాడిలా తాను మారిపోతే భయం పోతుందని పసిమనసు లెక్క.

ఈ లెక్క పెద్దయ్యాక కూడా పోదని ఆయన జైల్లో కళ్లారా చూశారు. ఓస్లో ఒప్పందం తర్వాత గాజాలో పాలస్తీనా వాళ్ల సొంత పాలన వచ్చింది. ఆ పాలనలో కూడా జైళ్లలో చిత్రహింసలు జరుగుతున్నాయని డాక్టర్ సర్రాజ్ బహిరంగంగా మాట్లాడారు. ఫలితంగా 1996లో సొంత ప్రభుత్వమే ఆయన్ను అరెస్టు చేసింది. పక్క గదిలో ఒక పాలస్తీనా అధికారి ఖైదీ మీద అరుస్తూ అరుస్తూ ఉన్నట్టుండి హీబ్రూలో అరవడం మొదలుపెట్టాడని ఆయన తర్వాత చెప్పారు. ఆ అధికారి ఒకప్పుడు ఇజ్రాయెల్ జైల్లో హింస అనుభవించినవాడు. తనను కొట్టినవాడి భాషే ఇప్పుడు అతని నోట్లోంచి వస్తోంది.

డాక్టర్ సర్రాజ్ పద్ధతి మొత్తం ఈ ఒక్క సంఘటనలోనే ఉందనిపిస్తుంది. గాయానికి వైద్యం చేయకపోతే అది గాయపడినవాడి దగ్గర ఆగదు. అతని ఖైదీకి వెళ్తుంది, అతని భార్యకు వెళ్తుంది, అతని పిల్లలకు వెళ్తుంది.

మరి ఏం చేసేవారు?

సంస్థ బృందాలు ఇళ్లకే వెళ్లేవి. జైలు నుంచి విడుదలైన మనిషి ఇంటికి వెళ్తే అతనితో పాటు భార్యతో, పిల్లలతో, తల్లితో కూడా మాట్లాడాలి. ఎందుకంటే అతను రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు, చిన్న చప్పుడుకు చెయ్యెత్తుతాడు, పిల్లలు దగ్గరకొస్తే తోసేస్తాడు. వీరుడిలా ఊరేగింపుతో ఇంటికొచ్చినవాడు ఇలా ఎందుకు చేస్తున్నాడో ఇంటివాళ్లకు అర్థం కాదు. ‘ఇతను చెడ్డవాడైపోలేదు, ఇది హింస వల్ల వచ్చిన జబ్బు, దీనికి ఈ గుర్తులు ఉంటాయి’ అని చెప్పడమే వైద్యంలో మొదటి మెట్టు. అలాగని భార్యను కొట్టడం మాఫీ అయిపోదు. అందుకే ఆడవాళ్ల కోసం విడిగా ఒక కార్యక్రమం నడిపారు. అక్కడ కౌన్సిలింగ్‌తో పాటు పని నేర్పడం, చట్టపరమైన సాయం కూడా ఉండేవి.

పిల్లలతో మాటలకన్నా బొమ్మలు, ఆటలు ఎక్కువ. ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టి ‘ఆ రోజు ఏం జరిగింది చెప్పు’ అంటే బిగుసుకుపోతుంది. కాగితం, రంగు పెన్సిళ్లు ఇస్తే తనే ఇల్లు గీస్తుంది, పైన విమానం గీస్తుంది, తర్వాత ఒక మాట చెబుతుంది. ఆ ఒక్క మాట పట్టుకుని కౌన్సిలర్ నెమ్మదిగా ముందుకెళ్తారు. లక్షల జనానికి వేళ్ల మీద లెక్కపెట్టగల సైకియాట్రిస్టులు సరిపోరు కాబట్టి టీచర్లకు, నర్సులకు, సోషల్ వర్కర్లకు శిక్షణ ఇచ్చారు, కమ్యూనిటీ మెంటల్ హెల్త్‌లో డిప్లొమా కోర్సు కూడా నడిపారు.

ఇక పెద్దవాళ్ల ట్రామా వైద్యం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పాము కాటు తిన్నవాడికి తాడు చూసినా భయమే అంటారు కదా. సద్మా తిన్న మెదడు పని అదే. మామూలు జ్ఞాపకం ‘అది అప్పుడు జరిగింది’ అని తెలిసిపోతుంది. ట్రామా జ్ఞాపకానికి తేదీ ఉండదు. తలుపు గట్టిగా పడితే చాలు, ఆ రాత్రి మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లంతా వణుకుతుంది. అందుకని మనిషి తలుపుల చప్పుడుకు దూరంగా పోతాడు, తర్వాత మనుషులకు, చివరికి నిద్రకే దూరంగా పోతాడు. తప్పించుకునేకొద్దీ భయం బలిసిపోతుంది.

వైద్యం ఆ జ్ఞాపకాన్ని చెరిపేయదు. దానికి తేదీ వేస్తుంది. అమెరికా సైకియాట్రిస్టు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన ‘ట్రామా అండ్ రికవరీ’లో దీన్ని మూడు దశలుగా చెప్పారు. ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో కలవడం. శరణార్థుల కోసం జర్మనీలో తయారైన నరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అనే పద్ధతిలో అయితే నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి జీవితం. పుట్టుక దగ్గర మొదలుపెట్టి మంచి రోజుకు ఒక పువ్వు, చెడ్డ రోజుకు ఒక రాయి పెడుతూ వెళ్తారు. తర్వాత ఒక్కో రాయి దగ్గర ఆగి ఆ రోజు ఏం చూశాడు, ఏం విన్నాడు, ఒంట్లో ఎలా అనిపించింది, ఇప్పుడు చెబుతుంటే ఎలా ఉంది అని వివరంగా మాట్లాడిస్తారు. తాడు మీద రాయికి అటూ ఇటూ పువ్వులు కూడా ఉన్నాయని మనిషి కళ్లతో చూస్తాడు. అయిపోయింది అయిపోయిందని మెదడుకు అప్పుడు అర్థమవడం మొదలవుతుంది.

ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ అనే పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫార్సు చేసింది. అదే మార్గదర్శకాల్లో మన కుటుంబాలు గమనించాల్సిన ఇంకో సంగతి ఉంది. ఘటన జరిగిన మొదటి నెలలో షాక్ తగ్గించడానికని బెంజోడయాజెపైన్ రకం మత్తు మాత్రలు ఇవ్వవద్దని చెప్పింది. యాక్సిడెంటో చావో జరిగితే మెడికల్ షాపు నుంచి నిద్ర మాత్ర తెచ్చి మింగించే అలవాటు మన దగ్గర ఎంత ఉందో తెలిసిందే. అలాగే ఘటన జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా పూసగుచ్చినట్టు చెప్పమని బలవంతం చేయడం కూడా మేలు చేయదని తేలింది. పుర్సాకు వచ్చిన ప్రతి ఒక్కరూ ‘ఎలా జరిగింది, ఆఖరి మాట ఏమంది’ అని అడగడం, ఆ తల్లి ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం! ప్రేమతోనే అడుగుతారు, కాదనలేం. కానీ చెప్పాలో వద్దో, ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమె చేతిలో ఉండాలి.

గాజాలో వచ్చిన చిక్కు

హెర్మన్ చెప్పిన మొదటి దశ భద్రత. గాజాలో అది ఎక్కడుంది? పీటీఎస్‌డీ అనే జబ్బు పేరులోనే ‘ఘటన తర్వాత’ అనే అర్థం ఉంది. ఘటన ఆగనిచోట ‘తర్వాత’ ఎప్పుడొస్తుంది? తలుపు చప్పుడుకు వణకొద్దు, అది ఉత్త తలుపే అని చెప్పే డాక్టర్‌కు రేపు రాత్రి నిజంగానే బాంబు పడదని హామీ లేదు. డాక్టర్ సర్రాజ్‌తో కలిసి పాలస్తీనా ఖైదీల మీద 1996లో పరిశోధనా వ్యాసం రాసిన వాళ్లలో ఒకరైన బ్రిటిష్ సైకియాట్రిస్టు డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ అయితే, పాశ్చాత్య దేశాల్లో తయారైన ఈ జబ్బు పేరును యుద్ధాల్లో నలిగిన సమాజాల మీద అతికించడాన్నే గట్టిగా విమర్శించారు. అన్యాయాన్ని రోగంగా మార్చేస్తే బాధ్యులు తప్పించుకుంటారని ఆ వాదన సారం.

ఇందులో నిజం ఉంది. అయితే రాత్రంతా అరిచే పిల్లాడి తల్లికి వాదన సరిపోదు కదా. డాక్టర్ సర్రాజ్ రెండూ వదల్లేదు. పగలు రోగులను చూశారు, మానవ హక్కుల పోరాటం కూడా చేశారు. అవమానం ఆగకుండా మనసు కుదుటపడదు కాబట్టి హక్కుల పని కూడా వైద్యంలో భాగమే అన్నది ఆయన పట్టుదల. ఈ పనికి 1998లో మార్టిన్ ఎనల్స్ అవార్డు, 2010లో ఒలోఫ్ పామె బహుమతి వచ్చాయి.

పూర్తి భద్రత ఇవ్వలేనిచోట చిన్న భద్రతలు కట్టాలి. రోజూ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు చదువు. నమాజు వేళలు కూడా రోజుకు ఒక క్రమం ఇస్తాయి. పిల్లాడి పక్కన ఎప్పుడూ ఉండే ఒక పెద్దమనిషి. తల్లి కుదురుగా ఉంటే పిల్లాడు సగం కుదుటపడతాడు కాబట్టి ముందు తల్లిని చూసుకోవడం. ఇవి చిన్నగా కనిపిస్తాయి. యుద్ధ ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. అంతమందికి గది వైద్యం దొరకదు, ఇలాంటివే ఎక్కువమందికి అందుతాయి.

మన ఇంటికొస్తే

యుద్ధం లేకపోయినా సద్మా వస్తుంది. రోడ్డు ప్రమాదం, వరద, అల్లర్లు, ఇంట్లో దెబ్బలు, చిన్నతనంలో ఎవరో చేసిన పాడు పని. నాన్నను అందరి ముందు అవమానించడం చూసిన పిల్లాడు గాజాలోనే ఉండడు. అమ్మీని బెల్టుతో కొడుతుంటే తలుపు వెనక నిలబడ్డ పిల్ల కూడా అదే పిల్ల.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, మనుషులకు దూరంగా పోవడం తగ్గకపోతే చూపించాలి. చూపించేటప్పుడు కౌన్సిలర్‌ను రెండు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడవద్దు. మీరు ఎక్కడ శిక్షణ పొందారు, ట్రామాకు ఏ పద్ధతి వాడతారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు ఉంటుంది. మంచివాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. మొదటి రోజే గాయం మొత్తం తవ్వాలని చూసేవాళ్లు, రెండు సిట్టింగుల్లో పూర్తిగా నయం చేస్తామనేవాళ్లు అయితే ఇంకోచోటికి వెళ్లండి. సంబంధాలు చెడతాయని దాచేవాళ్లు ఎక్కువ. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. గడప దాటలేని ఆడపిల్లలకు టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. దుఆ, రుఖ్యా మానేయమని ఎవరూ అనడం లేదు. కాలు విరిగితే దుఆ చేస్తూనే కట్టు కట్టిస్తాం కదా.

డాక్టర్ సర్రాజ్ 2013 డిసెంబరు 17న రక్త క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ఆయన తర్వాత సంస్థ బాధ్యత డాక్టర్ యాసిర్ అబూ జామే తీసుకున్నారు. ఏడాది తిరగకముందే, 2014 జులైలో, ఖాన్ యూనిస్ దగ్గర ఒకే ఇంటి మీద పడ్డ బాంబుకు ఆయన బంధువులు 28 మంది చనిపోయారు. ఆయన మళ్లీ పనిలోకి వచ్చారు. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలో సంస్థ కేంద్రాలు కూడా దెబ్బతిన్నాయి. సిబ్బంది నిరాశ్రయులయ్యారు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి గుడారాలు మార్చుకుంటూ పోయారు. ఆ గుడారాల మధ్యనే పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి కాగితాలు, రంగు పెన్సిళ్లు పంచారు.